కణములలో వ్యాధిని చదివిన జార్జి పాపనికొలావు

కరీంనగరు జిల్లా పల్లెలలో వరినాట్లు వేయు స్త్రీలును, ఆదిలాబాదు నల్లరేగడి చేలలో ప్రత్తి యేరు స్త్రీలును, సిరిసిల్ల, జగిత్యాల ప్రాంతములలో దినమంతయు కూర్చుండి బీడీలు చుట్టు స్త్రీలును ఒక విషయమున ఒక్కటే తీరువారు. జ్వరము వచ్చినచో చెప్పుదురు. కాలిలో ముల్లు విరిగినచో చెప్పుదురు. పొత్తికడుపులోని నొప్పిని, తెల్లబట్టను, ముట్టు కాని దినములలో కనబడు రక్తమును గూర్చి మాత్రము కన్నతల్లితోనైనను చెప్పుటకు సిగ్గుపడుదురు. తరతరములుగా వచ్చిన మౌనమది. ఆ మౌనమునకు చెల్లింపవలసిన మూల్యము ఒక్కొక్కప్పుడు ప్రాణమే యగుచున్నది. పల్లెలలో రాచపుండని పిలిచెడి క్యాన్సరు గర్భాశయ ముఖద్వారమున పుట్టినప్పుడు తొలినాళ్లలో నొప్పిని కలిగింపదు. నొప్పి తెలియునాటికి తరచుగా చికిత్స కందని స్థితి ఏర్పడియుండును.

నొప్పి లేనినాడే, రోగికి రోగమున్నదను ఊహయైనను లేనినాడే, ఆ వ్యాధిని ఒక గాజుపలకమీద కనిపెట్టు మార్గమును లోకమునకు నేర్పినవాడు జార్జి పాపనికొలావు. ఆయన యింటిపేరులోని తొలిభాగమే పాప్ పరీక్ష యను పేర నేడు దేశదేశముల వైద్యశాలలలో వినబడుచున్నది. పేరు విన్నవారు పెక్కుమంది. ఆ పేరు వెనుకనున్న మనుష్యుని, ఆయన పడిన పాటును, ఆయన యిల్లాలి త్యాగమును ఎరిగినవారు కొలదిమంది.

బాల్యము, విద్య

గ్రీసు దేశపు తూర్పు తీరమునకు చేరువను ఎవియా యను పెద్ద ద్వీపము కలదు. అందలి కీమీ యను చిన్న పట్టణమున 1883వ సంవత్సరము మే 13వ తేదీన పాపనికొలావు జన్మించెను. తండ్రి నికొలాస్ వైద్యుడు. ఊరి పెద్దలలో నొకడు. పురపాలక సంఘమునకు అధ్యక్షత కూడ వహించినవాడు. తల్లి మరియాకు సంగీత సాహిత్యములందు మిక్కిలి అభిరుచి. కుమారునకు తల్లినుండి వయొలీనుపై ప్రీతియు, తండ్రినుండి వైద్యవృత్తియు సంక్రమించినవి.

ఏథెన్సు విశ్వవిద్యాలయమున చదివి ఆయన 1904లో వైద్యపట్టము పొందెను. కొంతకాలము సైన్యములో సహాయ వైద్యుడుగా పనిచేసి స్వస్థలమునకు మరలి వచ్చెను. తండ్రి ప్రక్కన కూర్చుండి ఊరివారికి మందులిచ్చుచు, నలుగురిలో మన్నన పొందుచు సుఖముగా కాలము గడపవచ్చును. తండ్రి కోరినదియు నదియే. కాని రోగి చేయి పట్టుకొని నాడి చూచుటకంటె, జీవము ఎట్లు పుట్టుచున్నది, ఆడ మగ భేదము ఎట్లు కలుగుచున్నది యను ప్రశ్నలే ఆ యువకుని మనస్సును ఎక్కువగా లాగినవి. ఎట్టకేలకు తండ్రిని ఒప్పించి జర్మనీ దేశమునకు వెడలెను.

ఆ కాలమున జీవశాస్త్రమునకు జర్మనీ గురుకులము వంటిది. యేనాలో ఎర్న్‌స్టు హెకెలు వద్దను, ఫ్రైబుర్గులో ఆగస్టు వైస్మాను వద్దను, మ్యూనిక్ నగరమున రిచర్డు హెర్ట్‌విగ్ వద్దను పాపనికొలావు శిష్యరికము చేసెను. డాఫ్నియా యను మిక్కిలి చిన్న జలప్రాణిలో లింగభేద మేర్పడు విధమును పరిశోధించి 1910లో మ్యూనిక్ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము నందెను. ఆ సంవత్సరముననే ఆండ్రొమాకీ మావ్రొయేని యను యువతిని వివాహమాడెను. మేరీ యను పేర లోకమునకు తెలిసిన ఆ యిల్లాలు ఈ కథలో సగము.

మరుసటి యేడు మొనాకోలోని సముద్రశాస్త్ర సంస్థలో ఆయనకు పని దొరకెను. ఆ దేశపు రాజైన ఆల్బర్టు ఓడపై సముద్ర పరిశోధన యాత్రకు కూడ వెళ్లెను. అంతలో 1912లో బాల్కను యుద్ధము వచ్చినది. సైనిక వైద్యుడుగా పనిచేయుచుండగా, అమెరికానుండి స్వచ్ఛందముగా వచ్చి పోరాడుచున్న గ్రీకులతో ఆయనకు పరిచయము కలిగెను. శాస్త్రపరిశోధనకు ఆ దేశమున అవకాశములు మెండని వారు చెప్పిన మాటలు ఆయన మనస్సులో నాటుకొన్నవి.

క్రొత్త దేశమున

1913 అక్టోబరు 19వ తేదీన ఆ దంపతులు న్యూయార్కు రేవున దిగిరి. చేతిలో సుమారు 250 డాలర్లు మాత్రమే యుండెను. ఇంగ్లీషు వారికి సరిగా రాదు. నగరములోని గింబెల్స్ యను పెద్ద దుకాణమున మేరీ వారమునకు 5 డాలర్ల కూలికి బొత్తాములు కుట్టు పనికి కుదిరెను. అదే దుకాణమున తివాచీలు అమ్ము పనిలో చేరిన భర్త ఒకనాటితోనే దానిని విడిచిపెట్టెను. రెండు పట్టములు గడించిన ఆ వైద్యుడు కొన్నాళ్లు భోజనశాలలలో వయొలీను వాయించి, ఒక గ్రీకు పత్రికా కార్యాలయమున గుమాస్తాగా పనిచేసి పొట్టపోసికొనెను.

ఆ కష్టకాలమున డాఫ్నియాపై వ్రాసిన సిద్ధాంత గ్రంథమే ఆయనను ఆదుకొన్నది. ప్రసిద్ధ జన్యుశాస్త్రజ్ఞుడైన థామస్ హంట్ మోర్గాను దానిని ఎరిగియుండెను. ఆయన సిఫారసువలన పాపనికొలావునకు న్యూయార్కు వైద్యశాలలో చిన్న యుద్యోగము దొరకెను. 1914లో కార్నెల్ వైద్య కళాశాల శరీర నిర్మాణశాస్త్ర శాఖలో చార్లెసు స్టాకర్డు వద్ద స్థిరపడెను. మేరీ కూడ ఆ ప్రయోగశాలలోనే జీతము లేని సహాయకురాలుగా చేరెను. సుమారు అర్ధశతాబ్ది కాలము వారిద్దరి జీవితము అక్కడనే గడచినది.

గినీపందులు చెప్పిన రహస్యము

పాపనికొలావునకు గినీపందుల అండములు కావలసివచ్చెను. అవియు అండాశయమునుండి విడుదలయగు సమయమునకు సరిగా దొరకవలెను. ఆ సమయమును ముందుగా తెలిసికొను ఉపాయము ఎవ్వరికిని తెలియదు. ప్రాణులను చంపి చూచుటయే మార్గము. పెక్కుమారులు చంపినను ఫలితము దక్కెడిది కాదు. స్త్రీలకు నెలనెల బహిష్టు వచ్చునట్లే ఈ చిన్న ప్రాణులకును ఏదో యొక స్రావము ఉండితీరవలెనని ఆయన ఆలోచించెను. కంటికి కనబడనిచో సూక్ష్మదర్శినిలో కనబడవచ్చును.

ముక్కులోపల చూచుటకు వైద్యులు వాడు చిన్న పరికరము నొకదానిని కొని తెచ్చి, దాని సాయముతో ప్రతిదినము గినీపందుల యోనిస్రావమును కొంచెముగా తీసి గాజుపలకపై పూసి పరిశీలించెను. ఆయన ఆశించిన రక్తము కనబడలేదు. అంతకంటె విలువైనది కనబడినది. దినదినమునకు స్రావములోని కణముల రూపములు మారుచుండెను. ఆ మార్పులు ఒక క్రమము ననుసరించి తిరిగి తిరిగి వచ్చుచుండెను. పలకను చూచి నేడు అండాశయ మే స్థితిలో నున్నదో, అండ మెప్పుడు విడుదల యగునో చెప్పగల నేర్పు ఆయనకు అబ్బెను. స్టాకర్డు, పాపనికొలావులు ఈ విషయమును 1917లో ప్రకటించిరి. ప్రాణిని చంపకయే లోపలి అవయవముల స్థితిని తెలిసికొనుటకు ఇది త్రోవ యయ్యెను. స్త్రీ హార్మోనులను కనుగొనిన పిమ్మటి శాస్త్రజ్ఞులు ఎలుకలపై ఈ పద్ధతినే ఉపయోగించుకొనిరి.

గినీపందిలో చెల్లినది మనుష్యులలో చెల్లునా యను ప్రశ్న పిమ్మట వచ్చెను. 1920 ప్రాంతమున ఆయన మానవస్త్రీల స్రావములను పరిశీలింప నారంభించెను. మొదటి స్త్రీ మేరీయే. ఇరువది సంవత్సరములకు పైగా ఆమె తన శరీరమును ఈ పరిశోధనకు అప్పగించెను. ఆరోగ్యవతియైన స్త్రీ కణములు నెలలో ఏనాడు ఎట్లుండునో ఆమె పలకలవలన తెలిసినది. ఆరోగ్యమున కణము ఎట్లుండునో తెలియనివాడు అనారోగ్యమును గుర్తింపజాలడు గదా! పరిశోధనకు అడ్డు రాకూడదని ఆ దంపతులు సంతానమును కూడ వద్దనుకొనిరి. శాస్త్ర చరిత్రలలో భర్త పేరు పెద్ద అక్షరములలోను, ఆమె పేరు చిన్న అక్షరములలోను కనబడును. ఆమె లేనిచో ఆ పెద్ద అక్షరములును లేవు.

1925లో న్యూయార్కులోని స్త్రీల వైద్యశాలయందు రోగుల స్రావములను పరిశీలించు ఏర్పాటు జరిగెను. ఈ పరిశోధన కాలముననే, గర్భాశయ క్యాన్సరు గల స్త్రీ పలకలో వికృతములైన కణములు ఆయన కంట బడినవి. ఆరోగ్యకరమైన పైపొర కణము వెడల్పై, నడుమ చిన్న కేంద్రకముతో నుండును. క్యాన్సరు కణమున కేంద్రకము ఉబ్బి, నల్లబడి, అంచులు వంకరలు పోయి, కణమునంతను ఆక్రమించియుండును. జీవితములో తాను పొందిన గొప్ప పులకరింతలలో అదియొకటియని ఆయన పిమ్మట తలచుకొనుచుండెడివాడు.

లోకము వినిపించుకొనని మాట

1928 జనవరిలో మిషిగను రాష్ట్రమందలి బాటిల్ క్రీకులో జరిగిన యొక సభలో పాపనికొలావు ఈ విషయమును చదివెను. ఆ సభ వైద్యుల సభయైనను కాదు. మానవజాతిని ఎన్నికచేసి మెరుగుపరుపవచ్చునను, నేడు శాస్త్రము త్రోసిపుచ్చిన, వాదము గలవారు కూర్చిన సభ యది. వ్యాసము తొందరలో సిద్ధము చేయబడినది, చిత్రములు స్పష్టముగా లేవు, సాక్ష్యములు చాలవు. వైద్యలోకము దానిని పట్టించుకొనలేదు.

ఇంచుమించు ఆ కాలముననే రుమేనియా దేశమున ఆరెల్ బాబెష్ యను వైద్యుడు, కన్‌స్టాంటిన్ డేనియల్ తోడ్పాటుతో, గర్భాశయ ముఖద్వారమునుండి ప్లాటినపు తీగతో కణములను తీసి క్యాన్సరును గుర్తించుచుండెను. 1927 జనవరిలో బుకారెస్టు వైద్యుల యెదుటను, 1928లో ఫ్రెంచి వైద్యపత్రికలోను ఆయన తన పద్ధతిని ప్రకటించెను. పద్ధతులు వేరు, ఒకరి పని యొకరికి తెలిసిన జాడలేదు. బాబెష్ పేరును విడిచి ఈ చరిత్రను చెప్పుట న్యాయము కాదు.

వైద్యుల అనాదరణకు కారణము లేకపోలేదు. 1870 తరువాతి సంవత్సరములలో బెర్లినున కార్ల్ రూగె, యోహాన్ వైట్ యను వైద్యులు గర్భాశయ ముఖమునుండి చిన్న తునుకను కోసి సూక్ష్మదర్శినిలో చూచు కణజాల పరీక్షను ఆచరణలోనికి తెచ్చియుండిరి. వర్తకుడు బస్తాలోనికి గొట్టము గ్రుచ్చి పిడికెడు గింజలు తీసి చూచునట్టిది ఆ పరీక్ష. తునుకలో కణముల అమరిక యంతయు కనబడును. అనుమానమునకు తావు తక్కువ. అట్టి సాధనము చేతిలో నుండగా రాలిపోయిన కణములను వెదకుట యెందులకని నిపుణులు తలచిరి. కడెము వాగున కొట్టుకొనివచ్చు ఆకులను చూచి ఎగువ అడవిలో టేకు కలదో ఇప్ప కలదో చెప్పెదననువాని మాటవలె పాపనికొలావు మాట వారికి తోచెను.

వారు గమనింపని విషయమొకటి కలదు. తునుక కోయవలెనన్నచో కంటికి పుండు కనబడవలెను. పుండు కనబడునాటికి కాలము మించిపోవును. వాగులోని ఆకు మాత్రము అడవి కాలకముందే, ఒక చెట్టుకు చీడ పట్టినప్పుడే, వచ్చి చేరును.

ఫలించిన యోర్పు

పది సంవత్సరములకు పైగా పాపనికొలావు తన మాటను మరల గట్టిగా చెప్పలేదు. పనిని మాత్రము విడువలేదు. 1939లో స్టాకర్డు మరణించెను. ఆయన స్థానమున వచ్చిన జోసెఫ్ హిన్సీ ఈ పరిశోధనలోని విలువను గుర్తించి క్యాన్సరు పనిని తిరిగి చేపట్టుమని ప్రోత్సహించెను. హెర్బర్టు ట్రౌట్ యను స్త్రీరోగ వైద్యుడు ఆయనతో చేతులు కలిపెను. న్యూయార్కు వైద్యశాలలోని స్త్రీరోగ విభాగమునకు వచ్చు ప్రతి స్త్రీకిని, ఏ వ్యాధితో వచ్చినను, స్రావపరీక్ష చేయు ఏర్పాటు జరిగెను. బాధయేమియు లేని స్త్రీలలో సయితము కొందరికి క్యాన్సరు తొలిదశలో నున్నట్లు బయటపడెను. అనుమానము కలిగినప్పుడు తునుక తీసి చూడగా, కంటికి ఏమియు కనబడనిచోట కణజాలము వ్యాధి నున్నట్లు నిర్ధారించెను. కణపరీక్షకును కణజాలపరీక్షకును పోటీ లేదని దీనివలన తేలినది. మొదటిది పొంచియున్న దొంగను చూపును. రెండవది వానిని పట్టి యిచ్చును. నేటికిని పాప్ పరీక్షలో దోషము కనబడినంత మాత్రమున చికిత్స మొదలుపెట్టరు. అవసరమైనచోట తునుక పరీక్షించి నిశ్చయింతురు.

1941లో వారి వ్యాసము వెలువడెను. 1942లో పాపనికొలావు తన రంజన విధానమును ప్రకటించెను. కణముల కేంద్రకములు నీలిమ గలిసిన నలుపుగను, పైపొర కణములు గులాబివన్నెగను, లోపొర కణములు నీలిమ గల ఆకుపచ్చగను తేటపడు ఆ రంగుల కలయిక నేటికిని ఆయన పేరనే వాడుకలో నున్నది. పలకను పూసినవెంటనే ఈథరు, ఆల్కహాలు కలిపిన ద్రవములో ముంచినచో కణము చెడక నిలుచును. 1943లో ఆయనయు ట్రౌటును కలిసి గర్భాశయ క్యాన్సరును స్రావపరీక్షవలన గుర్తించుటను గూర్చి గ్రంథము ప్రకటించిరి. సుమారు మూడువేలమంది స్త్రీల పరీక్షలు దానికి ఆధారము. హషీమె మురయామా యను జపాను చిత్రకారుడు సూక్ష్మదర్శినిలో కనబడు కణములను చూచి యథాతథముగా రంగులలో చిత్రించి యిచ్చెను. ఈ పర్యాయము లోకము విన్నది.

1947లో జేమ్స్ ఎర్నెస్ట్ ఏర్ యను కెనడా వైద్యుడు చిన్న కొయ్యగరిటెతో ముఖద్వారమునుండి నేరుగా కణములను తీయు పద్ధతిని కల్పించెను. వ్యాధి పుట్టుచోటనే కణములు దొరకుటవలన పరీక్ష మరింత నమ్మదగిన దయ్యెను. ప్రజలందరికిని ఈ పరీక్షను క్రమముగా చేయించిన ఫిన్లాండు, ఐస్లాండు వంటి దేశములలో ఈ వ్యాధివలని మరణములు విశేషముగా తగ్గిపోయినవి.

పాపనికొలావు జీవితవిధానము మారలేదు. వారమునకు ఆరుదినములు ప్రయోగశాలలో పని. రాత్రి యింట మరల సూక్ష్మదర్శిని. సెలవు తీసికొనుట అరుదు. 1950లో లాస్కర్ పురస్కారము లభించెను. 1954లో శరీరమందలి వివిధాంగములనుండి రాలు కణముల చిత్రములతో గొప్ప గ్రంథమును వెలువరించెను. మూత్రము, కఫము మొదలగువానిలోని కణములను చూచి ఆయా అవయవముల క్యాన్సరును గుర్తించు శాస్త్రమునకు అది మూలగ్రంథమైనది. నోబెలు బహుమతికి ఆయన పేరు సూచింపబడినను అది లభింపలేదు.

ఇచట తెలుగువారు స్మరింపదగిన పోలిక యొకటి కలదు. భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు కూడ 1923లో బోస్టను నగరమున దిగి, వైద్యశాలలో రాత్రిపూట సేవకుని పని చేసి, పరిశోధకుడుగా ఎదిగినవాడే. ఆయన నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాలలో సాగిన కృషినుండి వెలసిన మెథొట్రెక్సేటు ఔషధముతో 1956లో అమెరికా వైద్యులు గర్భాశయములో వ్యాపించు కోరియోకార్సినోమా యను క్యాన్సరును నయము చేయగలిగిరి. స్త్రీలను పీడించు వ్యాధులపై పోరున ఇద్దరు పరదేశులు, ఒకరు గుర్తించు మార్గమును, ఒకరు మాన్పు మార్గమును లోకమునకు ఇచ్చిరి.

1961 చివర పాపనికొలావు దంపతులు న్యూయార్కును విడిచి ఫ్లారిడా రాష్ట్రములోని మయామి నగరమునకు వెళ్లిరి. అచటి క్యాన్సరు సంస్థకు ఆయన అధ్యక్షుడయ్యెను. మూడునెలలు గడచునంతలో, 1962 ఫిబ్రవరి 19వ తేదీన, గుండెపోటుతో మరణించెను. ఆ సంస్థకు ఆయన పేరే పెట్టిరి. మేరీ మరి యిరువది సంవత్సరములు జీవించి 1982లో కన్నుమూసెను. గ్రీసు దేశము 1995లో వెలువరించిన పదివేల ద్రక్మాల నోటుపై ఆయన చిత్రమును ముద్రించెను.

మిగిలిన పని

ఆయన మరణానంతరము శాస్త్రము ముందునకు సాగినది. ఈ క్యాన్సరునకు మూలము మానవ పాపిల్లోమా వైరసని జర్మను శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ త్సుర్ హౌసెన్ 1983, 84 సంవత్సరములలో నిరూపించి 2008లో నోబెలు బహుమతి నందెను. 2006 నుండి టీకా వాడుకలోనికి వచ్చినది. వైరసును నేరుగా కనిపెట్టు పరీక్ష నేడు అనేక దేశములలో పాప్ పరీక్ష స్థానమును తీసికొనుచున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఒక లక్ష్యమును ప్రకటించెను. 2030 నాటికి బాలికలలో నూటికి 90 మందికి టీకా, స్త్రీలలో నూటికి 70 మందికి పరీక్ష, వ్యాధి గలవారిలో నూటికి 90 మందికి చికిత్స అందవలెనని దాని సారాంశము. టీకా ముఖ్యముగా 9 మొదలు 14 సంవత్సరముల బాలికలకు ఉద్దేశింపబడినది. అనగా మన పాఠశాలల బల్లలపై కూర్చున్న పిల్లలకే.

భారతదేశమున 2020లో ఒక్క సంవత్సరముననే సుమారు 1,24,000 మందికి ఈ వ్యాధి సోకినట్లును, 77,000 మంది మరణించినట్లును అంతర్జాతీయ అంచనా. నిపుణుల కండ్లు, ప్రయోగశాలలు కావలసిన పాప్ పరీక్షను ప్రతి పల్లెకును చేర్చుట కష్టమైనందున, ముఖద్వారముపై పలుచని ఎసిటిక్ ఆమ్లమును పూసి తెల్లబడిన చోటులను కంటితోనే గుర్తించు సులభ పరీక్షను 30 నుండి 65 సంవత్సరముల స్త్రీలకు ఐదేండ్లకొకమారు చేయవలెనని 2016లో కేంద్రప్రభుత్వము నిర్దేశించెను. అందు దోషము కనబడినవారిని పై వైద్యశాలకు పంపుదురు. అచట తుది మాట కణజాలపరీక్షదే.

హైదరాబాదున 1955లో ఏర్పడిన మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు వైద్యశాల ఎన్నో దశాబ్దములుగా ఉత్తర తెలంగాణ రోగులకు పెద్ద దిక్కు. 2008లో ఆదిలాబాదున ప్రభుత్వ వైద్య కళాశాల ఏర్పడినది. కరీంనగరునను వైద్య కళాశాలలు వెలసినవి. ఉట్నూరు, జైనూరు అడవి గ్రామములనుండి ఒక స్త్రీ హైదరాబాదు చేరవలెనన్న మూడువందల కిలోమీటర్లకు దగ్గర ప్రయాణము, కూలి పోవును, పిల్లలను చూచువారుండరు. గాజుపలకకు అట్టి చిక్కులు లేవు. ద్రవములో ముంచి ఆరబెట్టిన పలక ఆమెకు బదులుగా ప్రయాణము చేసి, ఆమె చెప్పుటకు సిగ్గుపడిన మాటను సూక్ష్మదర్శిని ముందు చెప్పగలదు. పాపనికొలావు కనిపెట్టిన దానిలోని దయ యిదియే.

అయినను పలక తనంతట తాను కదలదు. పరీక్ష అనునది యొకటి కలదని, బాధ లేనినాడే దానిని చేయించుకొనవలెనని ఆమెకు ఎవరో యొకరు చెప్పవలెను. బడినుండి ఇంటికి వచ్చిన కూతురు తల్లితో చెప్పవచ్చును. ఉపాధ్యాయిని ఊరి స్త్రీలతో చెప్పవచ్చును. పది సంవత్సరములకు పైగా లోకము వినకున్నను తన పలకలను విడువని వైద్యునకును, మాటాడక తన శరీరమునే శాస్త్రమునకు ఇచ్చిన యిల్లాలికిని ఆ నాలుగు మాటలకంటె మేలైన స్మారకము ఉండబోదు.